కుదుపులన్నిటికీ పంపు మార్చడమేనా?

(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తడి చేలో వరి కోయాలంటే టైరు మిషను దిగబడుతుంది, చైను హార్వెస్టరే దిక్కు. దానికి కిరాయి గంటల లెక్క. అలాంటి మిషను లివరు తిప్పినా కాసేపు కదలక, తర్వాత ఒక్క కుదుపుతో తిరిగితే గట్టు తెగుతుంది, మడిలో గుంటలు పడతాయి. గంట మాత్రం ఆగదు. మెకానిక్కును పిలిస్తే చాలాచోట్ల వినపడే మొదటి మాట "పంపు పోయింది". ఆ ఖర్చు యజమానిది అనుకోకండి, చివరికి కిరాయి రూపంలో మన మీదే పడుతుంది.

పంపు విప్పకముందు చూడాల్సినవి ఉన్నాయి. కుదుపు ఒక పక్కకేనా, రెండు పక్కలకా? ఒక పక్కకే అయితే ముందు ఆ పక్క చైను, లివరు రాడ్లు చూడాలి. రెండు పక్కలకూ అయితే ముందు ఆయిలు, ఫిల్టరు చూడాలి.

ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి. స్ప్రాకెట్లో, రోలర్లలో బిగుసుకున్న మట్టి, గడ్డి తీయండి. రెండు చైనుల బిగువు మాన్యువల్లో చెప్పిన కొలతకు ఉండాలి. లివరు కింది పిన్నులు, బుష్‌లు అరిగి వదులైతే చెయ్యి తిప్పినంత మిషను తిరగదు.

ఆయిలు మట్టం తగ్గిందా చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. నురగ కడితే గాలి చేరుతోంది, మట్టం సరిగానే ఉంటే ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు బిగింపులు చూడండి. లీకు కోసం చేత్తో తడమవద్దు, ప్రెషరుతో చిమ్మే ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నా కుదుపు పోకపోతే గేజీ పెట్టి ప్రెషరు చూపించమనండి. కొలత చూడనిదే పంపు విప్పనివ్వకండి.

ఈ కొలతలు రైతు చేతిలో ఉండాలన్నదే మరమ్మతు హక్కు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో వేసిన కమిటీ గుర్తించిన రంగాల్లో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో ఏకంగా చట్టమే చేసింది. అక్కడ 2024 జనవరి 1 నుంచి కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాలు, పనిముట్లు రైతులకూ బయటి మెకానిక్కులకూ అందుబాటులో ఉంచాలి. మనకూ అలాంటి చట్టం కావాలి, మిషనుతోపాటే తెలుగు మాన్యువల్, విడిభాగాల ధరల పట్టిక రావాలి. ఈ డిమాండును ప్రతి గ్రామ కమిటీ తీర్మానంగా రాసి పంపాలని కోరుతున్నాను.