పిల్ల సాఫ్ట్‌వేర్‌కు పోతానంటే సంఘం ఏమడగాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పాల లెక్కలు, కుట్టుమిషన్ల లెక్కలు విన్నారు. మేం చెప్పేది వేరే అప్పు సంగతి. పిల్లల కంప్యూటర్ కోర్సులకని సంఘంలో అప్పు అడుగుతున్నారు. బర్రెను కొనాలంటే పాలు పిండి చూస్తాం, పళ్లు చూస్తాం. అమీర్‌పేటలో కోర్సుకు ఏం చూసి అప్పివ్వాలి?

రెండేళ్ల కింద మాకు దెబ్బ తగిలింది. ఒక సభ్యురాలి కొడుకు బీటెక్ చేసి ఖాళీగా ఉన్నాడు. 2 లక్షలు కడితే ఉద్యోగం ఇప్పిస్తాం, మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలూ మేమే పుట్టిస్తాం అన్నారు ఒక కన్సల్టెన్సీవాళ్లు. దీన్ని బ్యాక్‌డోర్ అంటారట. మేం ఏమీ అడగకుండా సంతకాలు పెట్టాం. ఉద్యోగం వచ్చింది, మిఠాయీ తిన్నాం. ఐదో నెలలో కంపెనీ పాత ఉద్యోగం గురించి విచారించింది. పీఎఫ్ ఖాతా చూస్తే ఆ మూడేళ్లలో ఒక్క రూపాయి జమ లేదు. తీసేశారు. కన్సల్టెన్సీకి పోతే తాళం ఉంది. బ్యాంకులో సంఘం పేరు చెడకూడదని తొమ్మిది నెలలు మిగతా పదిమందిమి కిస్తీ పంచుకుని కట్టాం. ఆమె సిగ్గుతో మీటింగుకు రావడం మానేసింది. డబ్బు కంటే మాకు అదే బాధ. తప్పు ఆమె ఒక్కదానిదా? అడగని మాది కూడా.

అందుకే నిరుడు ఇంకొకామె 20 వేలు అడిగినప్పుడు, అమ్మాయినే మీటింగుకు రమ్మన్నాం. 25 ఏళ్లు. బీఎస్సీ కెమిస్ట్రీ. ఇంటినుంచే మందుల కంపెనీ ల్యాబుకు పోయి వస్తుంది, నెలకు 14 వేలు. అది మానేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటానంది. టెస్టింగ్ అంటే ఏంటి బిడ్డా అంటే, "కుండ కొనేముందు తట్టి చూస్తారు కదా పెద్దమ్మా, అట్ల" అంది. అది మాకు బాగా అర్థమైంది.

తర్వాత లెక్క వేశాం. ఫీజు 20 వేలు. నేర్చుకోవడానికి నాలుగు నెలలు, ఉద్యోగం వెతకడానికి ఇంకో నాలుగు. హాస్టలుకు నెలకు 7 వేల చొప్పున 56 వేలు. మానేసిన జీతం 1 లక్షా 12 వేలు. మొత్తం 1 లక్షా 88 వేలు. తల్లి నోట మాట రాలేదు. ఫీజే ఖర్చు అనుకుంటాం గానీ, అన్నిట్లోకి చిన్నది అదే.

ఉన్న ఉద్యోగం వదిలితే మళ్లీ దొరుకుతుందా అని సగంమంది. జీవితమంతా ఆ యాసిడ్ల వాసనలోనే ఉండాలా అని సగంమంది. గొడవే అయింది. చివరికి అమ్మాయే దారి చెప్పింది. ఉద్యోగం మానకుండా మూడు నెలలు రాత్రిపూట ఫోన్‌లో ఉచిత పాఠాలు వింటాను, మనసు నిలిస్తేనే పోతాను అని. కేంద్ర ప్రభుత్వం స్వయంలో కంప్యూటర్ పాఠాలు వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్టు పరీక్షకే ఫీజు.

పేద ఇంటి పల్లె పిల్లల కోసం 2014లో పెట్టిన డీడీయూ-జీకేవై కింద కూడా ఉచితంగా నేర్పుతారు. మామూలుగా 15 నుంచి 35 ఏళ్లవాళ్లకు. మన ఐకేపీ ఆఫీసులో అడగకుండానే అప్పుకు పోవడం మనకు అలవాటైంది.

మూడు నెలలూ ఆమె విన్నది. అప్పుడు ఇచ్చాం. ఫీజు రెండు కిస్తీల్లో కట్టాలని, రశీదు సంఘానికి చూపాలని, దొంగ అనుభవం కాగితాలకు మా పైసా పోకూడదని తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాం.

ఇంకా ఉద్యోగం రాలేదు. కోర్సు అయిపోయి మూడో నెల. రెండు ఇంటర్వ్యూల్లో చివరిదాకా పోయి వచ్చింది. తల్లి పాల డబ్బుతో కిస్తీ తప్పకుండా కడుతోంది. మానేసిన ఆ అక్క మొన్న మీటింగుకు వచ్చి, "నా కొడుకును ఆ పిల్లతో మాట్లాడమంటాను" అని కూర్చుంది. వచ్చే మీటింగుకు ఇంకా మూడు దరఖాస్తులున్నాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని రమ్మన్నాం.