సాహస వ్యాపారమూ, మోసపు పెట్టుబడీ

వ్యాపారము చితికి, తీసుకొన్న సొమ్ము తిరిగి ఈయలేకపోయిన ప్రతి మనిషినీ మోసగాడనడం మన ఊళ్లలో పరిపాటి. నెలనెలా తప్పక వడ్డీ చెల్లించేవానిని పెద్దమనిషి అనడమూ పరిపాటియే. ఈ రెండు తీర్పులూ పొరపాటు కావచ్చును.

కల్వకుర్తిలో ఒక వేరుసెనగ వర్తకుడు ఉన్నాడనుకొందాము. పంట మార్కెట్టుకు వచ్చే కాలములో తన సొమ్ము చాలక, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీపై లక్ష రూపాయలు తెచ్చినాడు. అంటే ఏడాదికి నూటికి 24; బరువైన వడ్డీయే. ధర పెరుగుతుందన్న ఆశతో సరుకు నిలువ చేసినాడు, ధర పడిపోయినది. అప్పిచ్చినవారు నష్టపడినారు. అయినా సరుకు గిడ్డంగిలో ఉన్నది; కొనుగోలు చిట్టా ఉన్నది; ధర పడితే ముప్పు కలదని వారికి ముందే తెలుసును. ఇది దుస్సాహసము కావచ్చును, మోసము కాదు.

ఇక మరొకని సంగతి. పదిమంది వద్ద తలా 10,000 చొప్పున లక్ష తీసుకొని, నెలకు నూటికి 10 ఇస్తానన్నాడు. సరుకు లేదు, పొలము లేదు. నెలకు 10,000 చొప్పున వారి సొమ్మునే వారికి పంచితే పది నెలలలో అసలు హరించుకొనిపోతుంది. ఆలోగా కొత్తవారు రావాలి. వారికి చెల్లించడానికి మరింతమంది రావాలి. 1920లో అమెరికాలోని బోస్టన్ నగరములో చార్లెస్ పాంజీ చేసినది ఇదే. తపాలా కూపన్ల వ్యాపారము పేరు చెప్పి, 45 రోజులలో నూటికి 50 లాభమన్నాడు. ఆ ఏడే పట్టుబడినాడు. ఇటువంటి మోసములో వడ్డీ సక్రమముగా అందడమే కొత్తవారిని రప్పించే ప్రకటన.

మరి చిట్టీలోనూ సభ్యుల సొమ్మే సభ్యులకు పోతుంది కదా అని శ్రోతలు అడుగవచ్చును. 20 మంది నెలకు 5,000 చొప్పున కట్టే లక్ష రూపాయల చిట్టీని ఒకరు 75,000కు పాడుకొన్నారనుకొందాము. మిగిలిన 25,000లో నిర్వాహకుని కమీషను 5,000 పోగా, 20,000 తలా 1,000 చొప్పున అందరికీ వస్తుంది. సభ్యులెందరో, ముగింపు ఏ నెలలోనో మొదటనే నిర్ణయమవుతుంది. పాట అందరి ఎదుటా జరుగుతుంది. రిజిస్టరైన చిట్టీలలో కమీషనుకు సైతము 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టము హద్దు పెట్టినది. కాబట్టి తేడా సొమ్ము చేతులు మారడములో లేదు, దాచడములో ఉన్నది.

వ్యాపారము నిజమైనదైతే మాత్రము చాలదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్‌కు నిజమైన పని ఉండేది, వేలాది ఉద్యోగులు ఉండేవారు. అయినా లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని అధ్యక్షులు రామలింగరాజు 2009 జనవరి 7న స్వయముగా లేఖ వ్రాసినారు. 2015లో ప్రత్యేక న్యాయస్థానము ఆయనకు శిక్ష విధించినది.

విజయవాడ కేంద్రముగా 1995లో వెలసిన అగ్రిగోల్డు కథ పేద ఇండ్లకు మరింత దగ్గరిది. స్థలాల ఆశ చూపి సుమారు 32 లక్షల మంది వద్ద 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసినదని ఆ సంస్థపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అభియోగము.

చట్టము సైతము ఈ భేదమును గుర్తించినది. నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. బంధువుల వద్ద తీసుకొన్న అప్పునూ, సరుకుకై తీసుకొన్న బయానానూ మాత్రము ఆ నిషేధములో చేర్చలేదు.

సొమ్ము చేయి దాటకముందే మూడు ప్రశ్నలు అడుగవలెను. నాకిచ్చే లాభము ఏ పనిలోనుండి వస్తుంది? లెక్కలు చూపుతారా, ప్రజలవద్ద సొమ్ము తీసుకొనడానికి ఏ కార్యాలయపు అనుమతి ఉన్నది? నష్టము వస్తే ఎవరిది? మూడవ ప్రశ్నకు వర్తకుడు జంకుతూనైనా జవాబు చెబుతాడు. వంచకుడు మాత్రము నష్టమే రాదంటాడు. ఆ మాట వినిన క్షణముననే సొమ్ము మూట తిరిగి ముడివేసుకొనడము మంచిది.