గేర్‌బాక్సు దించుటకు ముందు
(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణా డెల్టాలో నేడు డీజిలు పికప్ బండి లేని గ్రామము అరుదు. నూజివీడు మామిడి నున్న మార్కెట్టుకు చేరుటకును, కైకలూరు చెరువుల చేపలు మంచు పెట్టెలలో బయలుదేరుటకును, ధాన్యపు బస్తాలు మిల్లుకు పోవుటకును అదియే ఆధారము. కొన్ని పంచాయతీలకు స్వంత వాహనము కూడ గలదు. ఇట్టి బండికి గేర్లు సరిగా పడనప్పుడు మనకు వినిపించు మొదటి మాట, “గేర్‌బాక్సు పోయినది, దించవలెను” అనునది. ఆ మాటకు మనము వెంటనే తల యూపుదుము. ఖర్చు అక్కడనే ఆరంభమగును. ఒక్కొక్కప్పుడు ప్రమాదము కూడ.

ఈనాడు మేము మనవి చేయదలచినవి రెండే సంగతులు. కారణము తేలనిదే గేర్‌బాక్సును దించనీయరాదు. దించక తప్పనప్పుడు బండి క్రింద నుండు మనిషి ప్రాణమును మొదట లెక్కించవలెను.

నిండు బండి కాలువ గట్టు ఎక్కునపుడు ఎడ్లు నెమ్మదిగా, బలముగా లాగును. చదునైన దారిలో వడిగా నడచును. ఇంజను తనంతట తాను ఇట్లు మారజాలదు. గట్టు ఎక్కుటకు బలమును, చదును దారిలో వేగమును ఇచ్చునట్లు పండ్ల చక్రములను మార్చునది గేర్‌బాక్సు. ఇంజనుకును దానికిని నడుమ క్లచ్చి యుండును. గేర్‌బాక్సు వెనుక నుండి ప్రొపెల్లర్ షాఫ్టు బయలుదేరి వెనుక ఇరుసును త్రిప్పును. ఈ వరుసలో ఎక్కడ దోషము కలిగినను డ్రైవరు చేతికి గేరు కడ్డీయందే తెలియును. అందుచేతనే నింద ఎల్లప్పుడును గేర్‌బాక్సుపై పడుచున్నది.

కావున ముందు కొన్ని పరీక్షలు జరుపవలెను. ఇంజను ఆగియున్నప్పుడు గేర్లు సులభముగా పడి, నడచుచున్నప్పుడు పడకున్నచో, క్లచ్చి పూర్తిగా విడుట లేదని అర్థము. క్లచ్ కేబులు సడలియుండవచ్చును. ఆయిలుతో పనిచేయు క్లచ్చి అయినచో ఆయిలు తగ్గియుండవచ్చును, లేదా గాలి చేరియుండవచ్చును. ఇంజను వేగము హెచ్చుచున్నను బండి గట్టు ఎక్కకున్నచో క్లచ్ ప్లేటు అరిగినదని గ్రహించవలెను. ప్లేటు మార్చుటకు గేర్‌బాక్సును దించవలసినదే గాని, దానిని మార్చనక్కర లేదు. క్లచ్చి త్రొక్కినప్పుడు మాత్రమే మ్రోత పుట్టినచో క్లచ్ రిలీజు బేరింగును, న్యూట్రలులో మ్రోగి క్లచ్చి త్రొక్కగానే ఆగినచో గేర్‌బాక్సు లోపలి బేరింగును అనుమానింపవలెను. ఒకే గేరు మాటిమాటికి జారిపోవుచున్నను, ఒకే గేరులో పండ్లు గీరుకొనుచున్నను దోషము సాధారణముగా లోపలనే యుండును.

పిదప ఆయిలు చూడవలెను. ఆయిలులో లోహపు ముక్కలు కనబడినచో పండ్లు విరిగినవని తెలియును. ఆయిలు మజ్జిగ వలె తెల్లబడినచో నీరు చేరినదని తెలియును. ఈ రెండవది మన ప్రాంతమున చిన్న విషయము కాదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు మునిగినవి. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ప్రవహించినది. ఎన్నో వాహనములు రోజుల తరబడి నీటిలో నిలిచిపోయినవి. గేర్‌బాక్సుకు గాలి ఆడుటకై పైన చిన్న రంధ్రముండును. బండి మునిగినప్పుడు దాని ద్వారా నీరు లోనికి పోవును. అట్టి బండిని స్టార్టు చేయరాదు, నడుపరాదు. ముందుగా ఆయిలు తీసివేసి, లోపల కడిగి, క్రొత్త ఆయిలు పోసినచో పెక్కు గేర్‌బాక్సులు దక్కును. అట్లే వదలినచో బేరింగులు త్రుప్పు పట్టును. సమగ్ర బీమా యున్న బండికి వరద నష్టము వర్తించును. మూడవ పక్షపు బీమా మాత్రమే యున్నచో వర్తింపదు.

ఇక మేము కన్నులార చూచిన ఒక సంగతి. కొన్ని యేండ్ల క్రిందట వర్షకాలమున ఒక గ్రామములో రోడ్డు ప్రక్క నల్లరేగడి నేలపై పికప్పును ఒక్క జాకీతో లేపి, దాని అడుగున ఇటుక నుంచి, ఇరువది యేండ్ల యువకుడు క్రిందికి దూరెను. నేల తడిసియున్నది. బిగిసిన బోల్టును బలముగా త్రిప్పునపుడు బండి కదలినది, ఇటుక పగిలినది, జాకీ ఒరిగినది. ప్రక్కవారు కాళ్లు పట్టి లాగినందున ప్రాణము దక్కినది గాని, కుడిచేతి వ్రేళ్లు రెండు పోయినవి. మరునాడు వేరొక మెకానిక్కు వచ్చి చూడగా గేర్‌బాక్సులో ఏ దోషమును లేదు. చెడినది క్లచ్ కేబులు మాత్రమే.

డెల్టా నేల జాకీని మ్రింగును. అందుచే ఈ పని కాంక్రీటు గచ్చుపైననే జరుగవలెను. చక్రములకు ముందు వెనుక చెక్క అడ్డులు పెట్టవలెను. జాకీ బండిని లేపుటకే గాని నిలుపుటకు కాదు; ఛాసిస్ క్రింద ఇనుప స్టాండ్లు పెట్టిన తరువాతనే మనిషి లోనికి పోవలెను. ఇటుకలు, రాళ్లు పనికిరావు.

తరువాతి క్రమము ఇట్లుండును. బ్యాటరీ తీగ విప్పవలెను. ఆయిలు తొట్టిలోనికి తీయవలెను. ప్రొపెల్లర్ షాఫ్టు కలియుచోట రంగు గుర్తు పెట్టి విప్పవలెను. మరల ఆ గుర్తు ప్రకారమే బిగించనిచో బండి అదరును. గేరు కడ్డీ, క్లచ్ కేబులు లేక సిలిండరు, స్పీడోమీటరు, వెనుక దీపపు తీగలు, అవసరమైనచోట స్టార్టరు తీయవలెను. ఇంజనుకు ఒక ఆధారము, గేర్‌బాక్సుకు వేరొక జాకీ పెట్టిన పిమ్మటనే అడ్డుపట్టీని, చుట్టు బోల్టులను విప్పవలెను. అప్పుడు గేర్‌బాక్సును తిన్నగా వెనుకకు జరుపవలెను. దాని బరువు క్లచ్ ప్లేటుపై వ్రేలాడినచో ప్లేటు చెడును.

గేర్‌బాక్సు దించిన సమయమున క్లచ్ ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు, ఇంజను వెనుకటి ఆయిలు సీలు చూచుట లాభము. అరిగినవానిని అట్లే వదలినచో మరల ఇదే కూలి ఇచ్చుకొనవలసి వచ్చును. బిగించునపుడు క్లచ్ ప్లేటును సరిగా నడిమికి నిలిపి, గేర్‌బాక్సు అంచు ఇంజను అంచుకు చేతితోనే ఆనునట్లు చూచుకొనవలెను. అది ఆనకముందే బోల్టులతో లాగినచో పెంకు పగులును. పిదప కంపెనీ చెప్పిన రకపు ఆయిలు, చెప్పినంత మట్టమునకు పోయవలెను. ఆయిలు పోయకుండ ఇంజను త్రిప్పరాదు. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత బోల్టులను, ఆయిలు మట్టమును తిరిగి చూడవలెను.

ఇది పంచాయతీ సొమ్ముతో చేయించు పని అయినచో మరి కొంత జాగ్రత్త అవసరము. దోషమేమో, మార్చవలసిన వస్తువు లేవో వ్రాతపూర్వకముగా అంచనా తీసికొనవలెను. పాత భాగములను తిరిగి అడిగి తీసికొని సభ్యులకు చూపవలెను. విజయవాడ జవాహర్ ఆటోనగర్ వంటి చోట పాత గేర్‌బాక్సు కొనునపుడు అది అదే మోడలుదా అని చూచి, మూత తీయించి పండ్లు పరీక్షింపవలెను. ఇంజను, ఛాసిస్ సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రములో నుండును. గేర్‌బాక్సు సంఖ్య అందుండదు గనుక బిల్లే దానికి సాక్ష్యము. తీసిన ఆయిలును కాలువలో పోయనీయరాదు. ఆ కాలువ నీరే దిగువ గ్రామముల చెరువులకును, చేలకును చేరును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన ఆయిలు అనుమతి గల శుద్ధి కేంద్రములకే పోవలెను.

సభ్యులారా, ప్రతి గ్రామమునను బండ్ల క్రింద దూరి పని నేర్చుకొను బాలురు ఉన్నారు. వారిలో ఒకరినో ఇద్దరినో ఐ.టి.ఐ.లో డీజిలు మెకానిక్కు లేక మోటారు వాహన మెకానిక్కు శిక్షణకు పంపుట మీ చేతిలోని పని. అంతవరకు పంచాయతీ వాహనమునకు ఒక చిన్న పుస్తకము పెట్టుడు. ఆయిలు మార్చిన తేదీ, నడచిన కిలోమీటర్లు, డ్రైవరు చెప్పిన దోషము అందు వ్రాయించుడు. వాహనముతో పాటు రెండు ఇనుప స్టాండ్లు కూడ కొనుడు. వచ్చు సమావేశపు అజెండాలో ఈ రెండింటిని చేర్చవలసినదిగా ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.