చెట్టువైద్యుని పనిముట్లు, దినచర్య



ఎద్దునకు జబ్బు చేసినచో పశువైద్యుని పిలిపించుట రైతులందఱకు వాడుకయే. కాని ముప్పదియేండ్లు పెంచిన మామిడిచెట్టున పెద్దకొమ్మ యెండినచో, గొడ్డలి పట్టినవానిని పిలిచి "ఆ కొమ్మ కొట్టి, కట్టెలు నీవే తీసికొనిపొమ్ము" అని చెప్పుట ఊరూర జరుగుచున్నది. కూలిసొమ్ము మిగిలినదని యజమాని సంతోషించును. కొన్ని యేండ్లకు ఆ కోతచోట పుచ్చు దిగి, చెట్టు గాలివానకు నిలువున చీలినప్పుడు, మిగిలిన కూలి యెంత, పోయిన పంట యెంత అని లెక్కించువారు అరుదు. చెట్టుపై కెక్కి దానిని కాపాడుటయే వృత్తిగా గలవాడు చెట్టువైద్యుడు. అతని పనిముట్లెట్టివి, అతని దినము ఎట్లు గడచును, అతనిని కుదుర్చుకొను రైతు ఏమి గమనింపవలెను అను సంగతులు ఈ యుపన్యాసమున చెప్పబడును.

చెట్టు గాయము యొక్క స్వభావము

మనుష్యుని చర్మము తెగినచో తెగినచోటనే క్రొత్తచర్మము పుట్టి గాయము మానును. చెట్టునకు అట్లు కాదు. చెడిన కొయ్య తిరిగి బాగుపడదు. చెట్టు ఆ చెడిన భాగము చుట్టును లోపల గోడ కట్టినట్లు అడ్డుగట్టి, అంచులనుండి క్రొత్తకొయ్యను పెంచి పైని కప్పివేయును. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను కోసి పరీక్షించి, 1977లో ఈ విషయమును విశదముగా ప్రకటించెను.

అంతకు పూర్వము తొఱ్ఱలను లోపల చెక్కి సిమెంటుతో నింపు వాడుక యుండెడిది. 1901లో చెట్ల వైద్యమునుగూర్చి గ్రంథము ప్రకటించిన జాన్ డేవీ కాలమున ఈ పద్ధతి అమెరికాలో ప్రసిద్ధి కెక్కెను. ఇప్పుడు వృత్తి నెఱిగినవారు దీనిని విడిచిరి. తొఱ్ఱను చెక్కుటవలన చెట్టు కట్టుకొనిన అడ్డు తెగిపోవును. గాలికి చెట్టు ఊగునుగాని సిమెంటు ఊగదు. కావున చెట్టువైద్యుని నేర్పు గాయమును మాన్పుటలో లేదు, తక్కువ గాయముతో పని ముగించుటలో నున్నది.

పనిముట్లు

వ్రేలి లావు రెమ్మలకు చేతికత్తెరయు, అంతకు కొంచెము లావైనవానికి పొడవుపిడి కత్తెరయు చాలును. కొమ్మలకు వంపుగల చేతిరంపము వలయును. దాని పండ్లు తనవైపు లాగునప్పుడు కోయును గనుక చెట్టుపై నిలిచినవానికి శ్రమ తక్కువ. నేలనుండి అందని సన్నకొమ్మలకు దోటివంటి గడకు బిగించిన రంపము ఉపయోగపడును. మోటారు రంపము పెద్దకొమ్మలను త్వరగా కోయునుగాని ప్రమాదకరము. దానిని ఒంటిచేత పట్టరాదు. నిచ్చెనపై నిలిచి నడుపరాదు. గొడ్డలి నేలబడిన కొయ్యను నఱకుటకే గాని, నిలిచియున్న చెట్టుపై వాడదగినది కాదు. అది కోయుటతోపాటు బెరడును చీల్చును.

వీనికంటెను ముఖ్యమైనది తాడు. నడుమును, తొడలను పట్టియుంచు పట్టీలు, ఎక్కుటకు గట్టి నైలాను త్రాడు, కొమ్మలను దించుటకు వేఱొక త్రాడు, పంగలమీదుగా విసరుటకు చిన్నసంచి కట్టిన సన్నత్రాడు, తలకు గట్టిటోపీ, కండ్లకు అద్దములు అవశ్యములు. కొబ్బరినార త్రాడు ఎండకు వానకు లోలోపల చివుకును గనుక దానిపై ప్రాణము నిలుపరాదు. కాళ్లకు కట్టుకొను ఇనుపముండ్లు పూర్తిగా కొట్టివేయదలచిన చెట్టుకే వాడవలెను. బ్రదుకవలసిన చెట్టుకు అడుగడుగునను గాయమగును.

తెలంగాణమున కల్లుగీతవారు తరతరములుగా మోకు, ముస్తాదులతో తాళ్లెక్కుచున్నారు. వారిలో పడి మరణించినవారును, అవయవములు పోగొట్టుకొనినవారును అనేకులు. 2024లో తెలంగాణ ప్రభుత్వము వారికి కాటమయ్య రక్షణ కవచమను పేర రక్షణసామగ్రిని పంచుట ఆరంభించెను. పుట్టినది మొదలు చెట్టెక్కువారికే కవచము కావలసివచ్చినప్పుడు, మామిడితోటలో కూలివానిని పగ్గము లేక పైకి పంపుట ఎంత అన్యాయమో రైతులే యోచింపవలెను.

దినచర్య

చెట్టువైద్యుడు ఎండ ముదురకమునుపే పని మొదలుపెట్టును. ముందుగా త్రాడునంతయు వ్రేళ్లసందున జాఱవిడిచి, తెగిన పోగులున్నవేమో చూచును. పిమ్మట చెట్టు చుట్టును తిరిగి మొదలు, బోదె, పంగలు, శిఖరము క్రమముగా పరీక్షించును. మొదట పుట్టగొడుగులు మొలచినచో వేళ్లు గాని మొదలు గాని కుళ్లుచున్నదని శంకించును. కొయ్యసుత్తితో బోదెను తట్టి, బోలుధ్వని వచ్చుచోటును గుర్తించును. తేనెపట్టు, చీమలగూళ్లు, కరెంటుతీగలు ఉన్నవేమో చూడక పైకెక్కడు. పచ్చికొమ్మగుండ విద్యుత్తు ప్రవహించును గనుక, తీగ దగ్గఱనున్న కొమ్మను విద్యుత్తుశాఖవారు సరఫరా నిలిపినపిదప మాత్రమే ముట్టవలెను.

అతడు ఒంటరిగా పనిచేయడు. క్రింద ఒకడు త్రాడు పట్టి, ఇతరులను దూరముగా నుంచును. పైవాడు కోయుటకు ముందు కేక వేయును, క్రిందివాడు బదులు పలికినగాని రంపము కదలదు. కోయునప్పుడు తన్ను రెండుచోట్ల కట్టుకొనును. ఒక కట్టు తెగినను రెండవది నిలుపును. మామిడిసొన చర్మమును పొక్కించును గనుక నిండుచేతుల చొక్కా తొడుగును. సాయంకాలమున రంపములు తుడిచి పదును చూచుకొనును. రోగపుచెట్టును కోసిన పనిముట్టును స్పిరిటుతో తుడువక మఱియొక చెట్టుకు వాడడు.

కోయు విధము

పెద్దకొమ్మను మూడుకోతలతో తీయవలెను. బోదెకు అడుగుదూరమున క్రిందివైపునుండి మూడవవంతు లోతు కోయుట మొదటిది. దానికి రెండంగుళములు ఆవల పైనుండి కోసి బరువును దించుట రెండవది. ఇట్లు చేయనిచో కొమ్మ విఱిగి పడుచు బోదె బెరడును బారెడు పొడవున ఒలిచివేయును. పిదప మిగిలిన మోడును, కొమ్మ బోదెతో కలియుచోట ఉంగరమువలె ఉబ్బియుండు భాగమునకు సరిగా వెలుపల కోయుట మూడవది. ఆ ఉబ్బునుండియే గాయమును కప్పు కొయ్య పెరుగును. దానిని చెక్కివేసి బోదెకు సమముగా కోసినను, జానెడు మోడు విడిచినను పుచ్చు లోనికి దిగును.

మామిడికి కోత ముగిసినవెంటనే ఈ పని చేయుట మేలు. ఆకుపచ్చని శిఖరములో నాలుగవవంతుకు మించి ఒకేసారి తీయరాదు. ఎండకు బయటపడిన పెద్దకొమ్మలకు సున్నము పూయవలెను. పెద్దకోతలకు బోర్డోముద్ద పూయుదురు. మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 10 లీటర్లు దాని పాళ్లు. రెంటిని వేఱువేఱుగ నీట కలిపి, ఇనుపపాత్ర గాక మట్టిపాత్రలోనో ప్లాస్టిక్కుపాత్రలోనో చేర్పవలెను. ఇది తెగులు సోకకుండ కొంత కాపాడునుగాని తప్పుకోతను సరిచేయదు. బోదెనుండి రంపపుపొట్టువంటిది రాలినచో కాండము తొలుచు పురుగున్నదని తెలిసి, వంచిన సైకిలుచువ్వతో పురుగును లాగివేసి, కిరోసినులో తడిపిన దూదిని కన్నమున నుంచి మట్టితో మూయవలెను.

ఆలస్యమువలని నష్టము

మహబూబునగరు సమీపమున నున్న పిల్లలమఱ్ఱి సుమారు 700 ఏండ్ల వృక్షమని ప్రసిద్ధి. చెదలు తొలిచిన యా మఱ్ఱియొక్క పెద్దకొమ్మ 2017 డిసెంబరులో విఱిగిపడెను. 2018లో అధికారులు రోగికి సెలైను ఎక్కించునట్లు మందుసీసాలు కట్టియు, వేళ్లకు మందునీరు పోసియు, కొమ్మలక్రింద ఆధారములు నిలిపియు దానిని కాపాడవలసివచ్చెను. చెదలు కొద్దిగా నున్నప్పుడే కనిపెట్టినచో పని తేలిక. పేరుగల చెట్టునకు సర్కారు దిక్కగును. రైతుతోటలోని చెట్టునకు రైతే దిక్కు.

రైతులు చేయవలసినది

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి కూలి యేర్పాటు. కట్టెలే కూలియైనచో, ఎంత ఎక్కువ కొట్టిన అంత లాభమని పనివాడు తలచుట సహజము. ఎండుకొమ్మతోపాటు బలమైన పచ్చికొమ్మయు పోవును. గంపగుత్తగా ఇచ్చినచో త్వరపడి త్రాడు కట్టుకొనుట మానును. కావున దినకూలి ముట్టజెప్పి, కట్టెలు యజమానియే ఉంచుకొనవలెను. తీయవలసిన కొమ్మలకు ముందురోజుననే సున్నపుగుర్తు పెట్టించవలెను. త్రాడు, పట్టీలు, క్రిందివాడు లేనిదే ఎవనిని చెట్టెక్కనీయరాదు. వాన కురియునప్పుడు, గాలి వీచునప్పుడు పని ఆపించి, ఆ పూటకూలి తగ్గింపక ఇయ్యవలెను. అట్టి యజమాని తోటకు నేర్పరి మఱుసటి యేడు పిలువకయే వచ్చును.