నెమ్మదించిన పాజిట్రాను

పెద్దలారా,

నిజాంసాగరపు కాలువనీరు బాన్సువాడ పొలములకు వచ్చునపుడు మీరు చూచియే యుందురు: వడిగా పారు నీరు గట్టును కోసికొని పోవును, నెమ్మదించిన నీరే నేలలో నింకును. పరమాణువులకును పాజిట్రానునకును గల సంబంధము కొంత యిట్టిదే.

పరమాణువు నడుమ ధనవిద్యుత్తు గల కేంద్రకమును, చుట్టును ఋణవిద్యుత్తు గల ఎలెక్ట్రానులును ఉండును. ఎలెక్ట్రానుతో సమానమైన తూకము కలిగి, ధనవిద్యుత్తును వహించిన కణమే పాజిట్రాను. 1932లో అమెరికా దేశమున కార్ల్ ఆండర్సన్ దీనిని కనుగొనెను.

పాజిట్రాను నెమ్మదించి పరమాణువును సమీపించినపుడు కేంద్రకము దానిని నెట్టును. ఎలెక్ట్రానులు దానివైపు ఒరుగును. ఈ యాకర్షణము చాలినచో నది పరమాణువు నంటుకొని కొంచెముసేపు నిలుచును. హైడ్రోజను దాని నట్లు నిలుపజాలదు. లిథియము నిలుపగలదని 1997లో రిఝిఖ్, మిట్రాయ్ అను శాస్త్రజ్ఞులు గణితముచే చూపిరి. ఒక్కొక్కప్పుడు పాజిట్రాను ఒక ఎలెక్ట్రానును లాగికొని జంటకట్టును. ఆ జంటకు పాజిట్రోనియమని పేరు. 1951లో మార్టిన్ డాయిచ్ దానిని కనుగొనెను. ఏ తీరున కలిసినను తుదకు రెండును నశించును. సాధారణముగా రెండు కిరణము లెదురెదురు దిక్కులకు వెలువడును.

ఇది మనకేల యందురా? హైదరాబాదులో రాచపుండు రోగులకు చేయు పెట్ స్కానుకు ఇదియే మూలము. ఫ్లోరిన్-18 చేర్చిన చక్కెరను సూదిమందుగా నెక్కింతురు. రాచపుండు చక్కెరను విశేషముగా గ్రహించును. అచ్చట వెలువడిన పాజిట్రానులు కొలది దూరములోనే నెమ్మదించి నశించును. ఆ జంటకిరణములను పట్టి, రోగ మెచ్చట నున్నదో యంత్రము చూపును.

ఈ మందు 110 నిమిషముల కొకమారు సగమగును. హైదరాబాదునుండి బాన్సువాడకు తెచ్చునంతలో సగమునకు మించి తరిగిపోవును; కావున రోగియే చెప్పిన వేళకు అచ్చటికి పోవలెను. ఆనాడు వైద్యులు చెప్పినన్ని గంటలు చంటిబిడ్డలకును గర్భిణులకును ఎడముగా నుండవలెను. ఒక దినము గడచినంతట ఎనిమిదివేలలో నొకవంతైనను మిగులదు.

తరువాత నతనిని దూరముంచుట న్యాయము కాదు. మీ మాటను ఊరు వినును. స్కాను చేయించుకొని వచ్చినవానిని చూచి యింటివారు జంకినయెడల, మీరే ముందుగా పోయి అతని ప్రక్కన కూర్చుండుడు.