ప్రయోగశాల దాటిన మందు ఎవరి ఇంటికి చేరుతుంది?



విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు కలిసి పరిశోధనా ఫలితాలను విపణికి తీసుకువెళ్లే తీరు గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు మేము కొంత సంకోచించాము. అది ఉపకులపతులు, కంపెనీ యజమానులు తమలో తాము తేల్చుకునే వ్యవహారమన్న భావన మనలో చాలామందికి ఉన్నది. కాని మన బిడ్డలు నేడు ఫార్మసీలో, రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీలు చేస్తున్నారు. మందుల ఖర్చుకు నగలు కుదువబెట్టిన కుటుంబాలూ మన మధ్యనే ఉన్నాయి. పరిశోధించేవారూ మనమే, కొనుక్కునేవారూ మనమే. ఈ రెండింటి నడుమ ఒక ఒప్పంద పత్రం ఉంటుంది. దానిని మాత్రం మనం ఎన్నడూ చూడము.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ సహకారం అవసరమే. ప్రయోగశాలలో పుట్టిన రసాయనం మందు కాదు. దానిని జంతువులపై, ఆ తరువాత మనుషులపై పరీక్షించాలి, టన్నుల లెక్కన తయారుచేయాలి, ఊరూరికీ చేర్చాలి. ఏ విశ్వవిద్యాలయానికీ అంతటి శక్తి లేదు. అందుచేత విశ్వవిద్యాలయం తన ఆవిష్కరణకు పేటెంటు తీసుకుని, దానిని వాడుకునే లైసెన్సును కంపెనీకి ఇస్తుంది. ప్రతిఫలంగా అమ్మకాలపై రాయల్టీ పొందుతుంది. అమెరికాలో 1980లో వచ్చిన బే–డోల్ చట్టం, ప్రభుత్వ ధనంతో జరిగిన పరిశోధనపై సైతం విశ్వవిద్యాలయాలే పేటెంటు హక్కు ఉంచుకునే వీలు కల్పించింది. నాటి నుండి లైసెన్సుల వ్యవహారం చూసే కార్యాలయాలు అక్కడి విశ్వవిద్యాలయాలలో విస్తరించాయి.

మేము చెప్పదలచినది ఆ లైసెన్సులోని షరతుల గురించి. అందుకు ఒక మందు కథ చెప్పవలసి ఉన్నది.

స్టావుడిన్ అనే రసాయనాన్ని 1960 దశకంలో డెట్రాయిట్‌లో జెరోమ్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త క్యాన్సర్ పరిశోధనలో భాగంగా తయారుచేశారు. క్యాన్సర్‌కు అది పనికిరాలేదు. హెచ్.ఐ.వి. ప్రబలిన తరువాత, 1980 దశకంలో, యేల్ విశ్వవిద్యాలయంలో విలియం ప్రూసాఫ్, తై–షున్ లిన్ దానికి ఆ వైరస్‌ను నిరోధించే గుణమున్నదని గుర్తించారు. యేల్ పేటెంటు తీసుకుని, బ్రిస్టల్–మైయర్స్ స్క్విబ్ కంపెనీకి ఏకైక లైసెన్సు ఇచ్చింది. 1994లో అమెరికాలో ఆ మందుకు అనుమతి లభించింది. విశ్వవిద్యాలయానికి కోట్ల డాలర్ల రాయల్టీ వచ్చింది. ఇంతవరకు ఇది విజయగాథే.

2001 నాటికి దక్షిణాఫ్రికాలో లక్షలాది మంది హెచ్.ఐ.వి.తో బాధపడుతున్నారు. స్టావుడిన్‌పై అక్కడ కూడా యేల్‌కు పేటెంటు ఉన్నది. చవకగా తయారైన మందును ఆ దేశంలోకి తెచ్చుకోనివ్వమని ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ యేల్‌కు లేఖ వ్రాసింది. హక్కులన్నీ కంపెనీకి ఇచ్చివేశాము కనుక తామేమీ చేయలేమని విశ్వవిద్యాలయం బదులిచ్చింది. చట్టం దృష్టిలో ఆ జవాబులో తప్పు లేదు. లైసెన్సు వ్రాసిన నాడు దక్షిణాఫ్రికా రోగి ఎవరికీ గుర్తుకు రాలేదు, అంతే.

అప్పుడు కదిలినవారు యేల్ విద్యార్థులు. న్యాయశాస్త్రం చదివేవారు లేఖను చేతబట్టుకుని సంతకాలు సేకరించారు, అధ్యాపకులు తోడైనారు. ఆ మందును కనుగొన్న ప్రూసాఫ్ స్వయంగా, అది పేదలకు చౌకగానో ఉచితంగానో అందడమే తనకు సమ్మతమని బహిరంగంగా ప్రకటించారు. 2001 మార్చిలో కంపెనీ దిగివచ్చింది. దక్షిణాఫ్రికాలో ఆ పేటెంటును అమలు చేయబోమని ప్రకటించి, తన మందు ధరను రోజుకు 15 సెంట్లకు తగ్గించింది. ఒక పెద్ద కంపెనీ పేటెంటు విషయంలో వెనుకకు తగ్గడానికి కారణం ఏ ప్రభుత్వమో కాదు, హాస్టలు గదులలో కూర్చుని ఒప్పందాన్ని చదివిన కొందరు విద్యార్థులు.

ఇక మరి ఆ చవక మందు ఎక్కడిదని మీరు అడగవచ్చు. ఇక్కడ కథ మన హైదరాబాదుకు వస్తుంది.

తార్నాకలోని ఐ.ఐ.సి.టి. నిజాం పాలనాకాలంలో, 1944లో, కేంద్ర ప్రయోగశాలలుగా మొదలైన సంస్థ. తరువాత రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ అయినది. డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ దానికి సంచాలకులుగా పనిచేసి, ఆపై దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలికే అధిపతి అయినారు. మన పిల్లలలో ఎందరికి ఆ పేరు తెలుసు? అది విశ్వవిద్యాలయం కాదు కాని, ప్రజాధనంతో నడిచే విద్యావంతుల ప్రయోగశాల. గుంటూరులో జన్మించిన ఎ.వి. రామారావు దానికి సంచాలకులుగా ఉన్న కాలంలో, హెచ్.ఐ.వి.కి తొలి మందైన జిడోవుడిన్‌ను తయారుచేసే పద్ధతిని అక్కడ రూపొందించారు. ఆ పద్ధతిని తీసుకుని 1993లో మందును మన దేశంలో విడుదల చేసినది సిప్లా. 1935లో ఆ కంపెనీని స్థాపించినవారు ఖ్వాజా అబ్దుల్ హమీద్. 1993లో దానిని నడిపినవారు ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్. ఆయన కేంబ్రిడ్జిలో రసాయన శాస్త్రం అభ్యసించిన పండితుడు.

విదేశీ కంపెనీ పేటెంటు ఉండగా ఇది ఎట్లా సాధ్యమైనది? 1970 నాటి మన పేటెంట్ల చట్టం మందుకు కాక, దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చేది. వేరొక పద్ధతి కనుగొన్నవాడు అదే మందు చేసుకోవచ్చు. ఆ చట్టం నీడలోనే 2001 ఫిబ్రవరిలో సిప్లా, స్టావుడిన్ సహా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఆ వైద్యుల సంస్థకు ఇస్తామన్నది. పాశ్చాత్య దేశాలలో అదే చికిత్సకు ఏడాదికి 10,000 డాలర్లకు పైగా అయ్యేది. 2005 నుండి మన చట్టం మారి, మందుకే పేటెంటు వచ్చింది. కనుక వేరొక పద్ధతి కనుగొనే దారి ఇక చాలదు. ప్రజల సొమ్ముతో కనుగొన్న మందును ఏ షరతులపై కంపెనీకి ఇస్తున్నారన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

ఈ షరతులు మందు ధరకే పరిమితం కావు. మా వద్దకు వచ్చిన ఒక విద్యార్థిని సంగతి చెబుతాము. ఊరు, సంస్థ పేర్లు అనవసరం. ఆమె ఫెలోషిప్‌కు ఒక కంపెనీ ధనమిచ్చింది. పరిశోధన ముగిసినది, సిద్ధాంత వ్యాసం సిద్ధమైనది, కాని కంపెనీ అనుమతి లేనిదే ఏదీ ప్రచురించరాదని ఒప్పందంలో ఒక వాక్యం ఉన్నది. గడువు లేదు. పద్నాలుగు నెలలు ఆమె ఇంట కూర్చున్నది. చివరకు ఒక అధ్యాయం తీసివేసి సమర్పించవలసి వచ్చింది. ముందే ప్రచురిస్తే సాధారణంగా పేటెంటు దక్కదు కనుక కంపెనీ కొంతకాలం ఆగమనడంలో అన్యాయం లేదు. ఎంతకాలమో వ్రాయకపోవడమే అన్యాయం. ఆ పత్రాన్ని ఆమె చదవలేదు. చదివి ప్రశ్నించే పని గైడుదని ఆమె అనుకున్నది, గైడు కార్యాలయానిది అనుకున్నారు.

సంతకం చేసే ముందు మన పిల్లలు చూడవలసినది కొంచెమే. ప్రచురణకు ఎన్ని నెలల ఆలస్యం? పేటెంటులో ఆవిష్కర్తగా పేరుంటుందా, రాయల్టీలో వాటా ఎంత? లైసెన్సు ఏకైకమైతే, పేద దేశాలకూ మన ప్రభుత్వ ఆసుపత్రులకూ మినహాయింపు ఉన్నదా? కంపెనీ ఏళ్ల తరబడి మందు చేయక ఊరకుంటే హక్కు తిరిగి వస్తుందా?

ప్రభుత్వ సంస్థలలో జరిగిన ఒప్పందాల ప్రతులను సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చు. వాణిజ్య రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపి నిరాకరించవచ్చు. అదే సెక్షనులో, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వెల్లడించాలని కూడా ఉన్నది. ఆ మాటను అర్జీలోనే వ్రాయండి. ముప్పై రోజులలో జవాబు రాకున్నా, నిరాకరించినా, మొదటి అప్పీలు చేసుకోండి. తెలుగులోను, ఉర్దూలోను అర్జీ నమూనాలు సిద్ధం చేశాము. ద్వారం పక్కన బల్లపై ఉన్నాయి, సభ ముగిశాక తీసుకోగలరు.