సరుకు బండి: చిన్నదా, పెద్దదా?



పంటను మార్కెట్టుకు చేర్చేందుకు సొంత బండి కొనాలని మీలో పలువురు తలపెట్టి ఉంటారు. బేరానికి వెళ్ళేముందు రెండు బండ్లను పక్కపక్కన పెట్టి లెక్క చూద్దాం.

మొదటిది టాటా ఏస్. 2005లో వచ్చింది. చోటా హాథీ అంటారే, అదే. ఇందులో 750 కిలోలు మోసే రకమున్నది. రెండవది బొలేరో పికప్. దీనిలో 1,700 కిలోలు మోసే రకమున్నది. 25 కిలోల టమాటా పెట్టెలైతే మొదటిదానిలో 30, రెండవదానిలో 68 పడతాయి.

రోజుకు 60 పెట్టెలు కోసేవారు చిన్న బండి కొంటే రెండుసార్లు తిరగాలి. రెండోసారి చేరేసరికి వేలం ముగిసిందా, అడిగిన ధరకు ఇచ్చుకోవలసిందే. 20 పెట్టెలే ఉన్నవారికి పెద్ద బండి దండుగ. సగం ఖాళీగా పోయినా డీజిలు ఖర్చు, అప్పు వాయిదా ఆగవు కదా!

బండి ఎంత మోయగలదో రిజిస్ట్రేషన్ కాగితం చూడండి. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసివేయండి. అంతకు మించితే కమాను కట్టలు, టైర్లు, బ్రేకులు దెబ్బతింటాయి. 2019లో సవరించిన చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000.

ఏ బండి కొన్నా సరే, సరుకు మీద కూలీలను ఎక్కించకండి. ప్రాణానికి వెల లేదు.

ముందు ఒక నెల మీ పెట్టెల లెక్క రాసుకోండి. ఏ బండి కావాలో ఆ లెక్కే చెబుతుంది. సెలవు.